పువ్వు చెరపని రైఫిల్

రైఫిల్ ముందుకు పేలలేదు. వెనక్కి పేలింది.

చనిపోయినవాడి పేరు డ్రాగొష్. బుకారెస్ట్ నుంచి పారిపోయి వచ్చి, పేరు మార్చుకుని, వ్యోమింగ్‌లో గొర్రెలు మేపుకుంటున్నాడు. జింకకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. జింక క్షేమంగా వెళ్లిపోయింది. డ్రాగొష్‌ని మాత్రం వేలి ఉంగరం చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది.

"జపాను తుక్కు. ఇంకేం ఆశిస్తాం?" అని షెరిఫ్ ఫైలు మూసేశాడు.

ఆ ఫొటోలన్నీ ఇప్పుడు డెన్వర్‌లో ఒక టేబుల్ మీద పరిచి ఉన్నాయి. బయట ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు. లోపల గూఢచారి శాఖ. ఫొటోల మధ్యనే ఒక పళ్లెం, పళ్లెంలో లివర్ శాండ్‌విచ్. చీఫ్ లాక్‌రిడ్జ్ దాన్ని తింటూనే మాట్లాడుతున్నాడు. గోధుమరంగు సాస్ చుక్క ఒకటి డ్రాగొష్ ఫొటో మీద పడింది. చిటికెనవేలితో తుడిచి ఆ వేలు నాకాడు.

ఏజెంట్ వెర్న్ కాల్డర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేసి వచ్చినవాడు. శవాలు చూశాడు. శవాల మీద తినేవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి.

"యుద్ధం నుంచి ప్రతివాడూ ఒక జపాను రైఫిల్ ఇంటికి తెచ్చుకున్నాడు" అన్నాడు లాక్‌రిడ్జ్. "భుజానికి ఆనించే చెక్క కట్ట కోసేసి, బోల్టు పిడి వంచి, తూటా కూర్చునే చాంబర్ తొలిచి మన తూటా పట్టేలా చేసి, వేటకి వాడుతున్నారు."

"తెలుసు సార్. మా బావ కూడా ఒకటి చేశాడు. చూస్తే ఏడుపొస్తుంది."

"అసలు సైన్యం రైఫిల్ అయితే ఉక్కు పిండం. ఏ తూటానైనా తట్టుకుంటుంది. కానీ వాళ్ల బడిపిల్లల డ్రిల్ కోసం అచ్చం అలాంటివే పోత ఇనుముతో పోశారు. ఉత్తుత్తి తూటాలకి తప్ప పనికిరావు. వాటిలో మన తూటా పెట్టావో..." ఫొటో వైపు గడ్డం ఊపాడు. "పారిపోయి వచ్చినవాళ్లని వేటాడే ముఠా ఒకటి ఆ బడి రైఫిళ్లకి కొత్త గొట్టం, కొత్త కట్ట బిగించి, మెరుగుపెట్టి కానుకలిస్తోంది. హత్య అని ఎవడూ అనడు. అందరూ తుపాకీనే తిడతారు."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"సైన్యం రైఫిల్ మీద చక్రవర్తి ముద్ర ఉంటుంది. చేమంతి పువ్వు. బడి రైఫిల్ మీద ఉండదు. పువ్వు కనబడితే బెంగ లేదు. గుర్తుపెట్టుకో, పువ్వు."

తర్వాతి గురి గేజా బోడ్నార్. బుడాపెస్ట్ రేడియో ఇంజినీరు. మోంటానాలో కోల్డ్ ఫోర్క్ అనే కొండ ఊళ్లో దాక్కున్నాడు. శాఖలోనే ఎవడో ఒక పెద్దమనిషి రహస్యాలు అవతలికి అమ్ముతున్నాడు. వాడి మొహం చూసినవాడు బోడ్నార్ ఒక్కడే. వచ్చే నెల వాషింగ్టన్‌లో వేలెత్తి చూపాలి. ఈలోగా అతనికీ ఎవరో జపాను రైఫిల్ కానుక ఇచ్చారని కబురు, అతన్ని కాపాడమని వాషింగ్టన్ నుంచి తాకీదు. ఎల్లుండి ఎల్క్ అనే పెద్ద జింకల వేట మొదలు.

"వెంటనే అతన్ని అక్కణ్ణుంచి తీసుకొచ్చేస్తే?"

"ముఠా జారుకుంటుంది. ఎర ఉండనీ."

మనిషిని పట్టుకుని ఎర అంటాడా! వెర్న్ పళ్లు బిగించాడు. లాక్‌రిడ్జ్ అతని చేతికి ఒక థర్మాస్ ఫ్లాస్కు ఇచ్చాడు. అడుగున వైర్‌లెస్ సెట్. పైన మామూలు కాఫీ.

"అక్కడ మన మనిషి డెలోరిస్ పైక్ ఉంది. ఆమె చెప్పినట్టు విను."

కోల్డ్ ఫోర్క్‌లో వెర్న్ ఉన్ని మేజోళ్ల సేల్స్‌మన్‌గా దిగాడు. డెలోరిస్ ఆ ఊరి బార్ యజమానురాలు. ఎర్ర లిప్‌స్టిక్, నక్కతోలు కాలరు. బురద బూట్ల మగాళ్లందరూ ఆమె నడిస్తే గ్లాసులు కింద పెట్టేస్తారు.

"మేడం, పొడుగు మేజోళ్లు కావాలా, పొట్టివా?"

"తడిస్తే రెండూ ఒకటే."

కోడ్ సరిపోయింది. ఆ సాయంత్రమే బోడ్నార్ చెక్క ఇంటికి తీసుకెళ్లింది. అరవై దాటిన బక్కమనిషి. ఎర్రకారం వేసి బంగాళాదుంపల కూర ఉడికిస్తున్నాడు. గరిటె వదిలేసి లోపలికి పరిగెత్తి రైఫిల్ తెచ్చాడు.

"చూడు బాబూ! ఈ దేశంలో నాకు ఎవరైనా ఏదైనా ఇవ్వడం ఇదే మొదటిసారి. ఈవిడే ఇచ్చింది. రేపు వేటకి నన్ను కూడా రమ్మన్నారు తెలుసా? మూడేళ్లుగా నాతో ఎవరూ పలకలేదు. మొదటి దెబ్బ నాదేనట!"

"వానోయ్ షాపులో కొన్నాను" అంది డెలోరిస్. "అందరికీ తుపాకీ ఉంది, పాపం ఈయనకి తప్ప."

అందమైన పని. వాల్‌నట్ కట్ట, నీలి మెరుగు. వెర్న్ దాన్ని లాంతరు కిందికి తిప్పాడు. గొట్టం మొదట్లో పువ్వు, రేకు రేకూ తేటగా ఉంది.

"భేషైన రైఫిల్ గేజా గారూ. నిశ్చింతగా కాల్చుకోండి."

ముసలాయన మొహం వెలిగిపోయింది. డెలోరిస్ చిన్నగా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే వెర్న్ వానోయ్ తుపాకీ షాపుకి వెళ్లాడు. ముఠా పనిముట్టు వీడేనని అనుమానం. తలుపు తీయగానే కంపు. నూనె, పొగాకు, ఎప్పటిదో బీరు. నేలంతా కోసి పారేసిన కట్ట ముక్కలు. మంచి మంచి రైఫిళ్ల నడుం విరిచి, ముక్కు చెక్కి గోడకి ఆనించాడు. కసాయి కొట్టు ఇంతకన్నా శుభ్రంగా ఉంటుంది. వానోయ్ పొగాకు నమిలి డబ్బాలో ఉమ్మాడు. సగం గడ్డం మీదే పడింది.

"ఏమోయ్ మేజోళ్లాయనా, నీకూ ఒకటి కావాలా?"

"బోడ్నార్ గారిది చూశాను. అలాంటిది. పైన పువ్వు కూడా ఉండాలి."

వానోయ్ నమలడం ఆపేశాడు.

"ఏ పువ్వు?"

"చేమంతి."

"ఎవడ్రా నీకు చెప్పింది? నా కొట్లోంచి పువ్వుతో తుపాకీ పోదు. ఈ ఊళ్లో ఏ మగాడి చేతిలోనూ ఉండదు. సగం జపాను వాళ్లే లొంగిపోయే ముందు గీకేసుకున్నారు. మిగతా సగం నేను గీకాను. వచ్చిన తుపాకీకి మొట్టమొదటి పని గ్రైండర్! మా తమ్ముడు పెలెల్యూ దీవిలో జపాను వాళ్లతో పోరాడి పోయాడు. ఆ పువ్వు భుజానేసుకుని మా అమ్మ ముందు నుంచి నడుస్తారా? థూ!"

"మరి డెలోరిస్ నీ దగ్గర కొన్నానంది?"

"ఆవిడా? నా గుమ్మం కూడా తొక్కలేదు."

వెర్న్ గోడకి ఆనించిన రైఫిళ్లన్నీ చూశాడు, దేని మీదా పువ్వు లేదు. పాత పువ్వు నీలి మెరుగు కింద అంత తేటగా ఎలా ఉంటుంది? ఎవరో కొత్తగా చెక్కారు. బడి రైఫిల్ మీద చెక్కారు. దాన్ని నిశ్చింతగా కాల్చుకోమని చెప్పింది తనే! తన మీద తనకే అసహ్యం వేసింది.

"వేట ఎక్కడ?"

"ఉత్తరపు గట్టు. ఈపాటికి గురి చూస్తుంటారు."

వెర్న్ జీపు దగ్గరికి పరిగెత్తాడు. ముందు సీట్లో డెలోరిస్ కూర్చుని ఉంది. నక్కతోలు చేతిముసుగులోంచి పిస్తోలు మూతి కనబడుతోంది.

"ఎక్కు వెర్న్. తొందరేం లేదు. ఆ పేలుడు విని వెళ్దాం."

"నువ్వు మా మనిషివా, వాళ్ల మనిషివా?"

"జీతాల రోజున ఇద్దరి మనిషినీ."

"ఆ ముసలాయన నీకు నిన్న కూర వడ్డించాడు. ఛీ!"

"కారం ఎక్కువైంది." లిప్‌స్టిక్ సరిచేసుకుంది. "ఆ పువ్వు నేనే చెక్కాను. బాగుంది కదూ? నువ్వు పువ్వు కోసమే వెతుకుతావని నాకు ముందే తెలుసు."

"రెండేళ్లుగా వీళ్లకి విస్కీ పోస్తున్నావు. ఒక్కడి తుపాకీ మీదైనా పువ్వు చూశావా?"

మొదటిసారి డెలోరిస్ కళ్లు తడబడ్డాయి. వెర్న్ సీటు మీది ఫ్లాస్కు అందుకుని అడుగు మీట నొక్కాడు. వైర్‌లెస్ పలకలేదు. మూత తిప్పి, పొద్దున పోయించుకున్న మరిగే కాఫీ ఆమె చేతి మీద కుమ్మరించాడు. పిస్తోలు కింద పడింది. కేకకి బయటికొచ్చిన వానోయ్ ఆ పిస్తోలు చూసి ఆమెను రైఫిల్ పట్టీతో గుంజకి కట్టేశాడు.

జీపు గట్టు కింద దాకానే వెళ్లింది. అక్కణ్ణుంచి మంచులో పరుగు. పైన నలుగురు వేటగాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ముందు బోడ్నార్. చెంప కట్టకి ఆనించాడు. ఎదురుగా మైదానంలో కొమ్ముల ఎల్క్ పక్కకి తిరిగి నిలబడింది.

అరిస్తే వినబడని దూరం. బోడ్నార్ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటోంది.

వెర్న్ పిస్తోలు తీసి గాల్లోకి పేల్చాడు. కొండలన్నీ మారుమోగాయి. ఎల్క్ ఒక్క దూకుతో చెట్లలో కలిసిపోయింది. బోడ్నార్ అదిరిపడి రైఫిల్ దించాడు.

"ఒరేయ్ మేజోళ్ల వెధవా!" పెద్ద వేటగాడు కాలరు పట్టుకున్నాడు. "ఏడాదంతా ఎదురు చూశాం కదరా! ముసలాయన మొదటి దెబ్బరా అది!"

"దాన్ని ముట్టుకోకండి! బండకి కట్టి ట్రిగ్గర్‌ని దూరం నుంచి తాడుతో లాగండి, చూపిస్తాను."

తిడుతూనే కట్టారు. దూరంగా పడుకుని తాడు లాగారు.

రైఫిల్ వెనక్కి పేలింది. ఇనుప పెంకులు, వాల్‌నట్ చీలికలు మంచు నిండా చిమ్మాయి. బోల్టు ముక్క వెనకాల పైన్ చెట్టులో దిగబడింది, మనిషి కన్ను ఉండే ఎత్తులో.

బోడ్నార్ ఆ చెట్టు దగ్గరికి వెళ్లి ఇనప ముక్కని వేలితో తడిమాడు. తర్వాత పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు.

"ఆవిడ మంచి మనిషి అనుకున్నాను బాబూ" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "కారం కూడా రెండోసారి అడిగి వేయించుకుంది."

వెర్న్ అతని భుజం తట్టి, గట్టు దిగి జీపు దగ్గరికి వెళ్లాడు. సీటు కింద బోర్లా పడి ఉన్న ఫ్లాస్కు అడుగు విప్పి చూశాడు. లోపల బ్యాటరీ లేదు. పొరపాటున జారిపోలేదు, అసలు పెట్టనే లేదు. పువ్వు ఉంటే బెంగ లేదని తనకి చెప్పిందెవరు? తను పువ్వే వెతుకుతాడని డెలోరిస్‌కి ముందే ఎలా తెలుసు? వాషింగ్టన్ నుంచి తాకీదు వచ్చింది కాబట్టి మనిషిని పంపక తప్పలేదు. అలా పంపిన మనిషి నోటితోనే రైఫిల్ మంచిదని చెప్పించాడు!

మరుసటి నెల వాషింగ్టన్‌లో బోడ్నార్ వరసగా నిలబెట్టిన పెద్దమనుషుల ముందు నడిచాడు. లాక్‌రిడ్జ్ దగ్గర ఆగి వేలెత్తాడు. లాక్‌రిడ్జ్ మూతి చివర గోధుమరంగు సాస్ ఇంకా తడిగానే ఉంది.

"అంత సర్వీసున్న మనిషి!" కొత్త చీఫ్ తల పట్టుకున్నాడు. "పైకి ఏమీ కనబడలేదే?"

"మెరుగు బాగా పెట్టారు సార్" అన్నాడు వెర్న్.

బోడ్నార్ కోల్డ్ ఫోర్క్‌కే తిరిగి వెళ్లాడు. వానోయ్ అతనికి పువ్వు గీకేసిన అసలు సైన్యం రైఫిల్ ఒకటి ఇచ్చాడట. వేటగాళ్లు ఇప్పుడు వారం వారం కారం కూర తినడానికి వస్తారట. వెర్న్‌కి పతకం వచ్చింది కానీ అది రహస్యం. ఎల్క్‌ని బెదరగొట్టిన మేజోళ్లవాడి పేరెత్తితే మాత్రం ఆ ఊళ్లో ఇప్పటికీ కాండ్రించి ఉమ్ముతారు.