డ్రాప్ ఆఫ్‌తో ఒక సొంత వాక్యం

"శాస్త్రవేత్తను చంపబోతున్నారు" అన్నాడు చీఫ్. "ఆయన ఐసీయూలో ఉన్నాడు. కదిలించలేం. వార్డు చుట్టూ తుపాకులతో కాపలా పెట్టాం. అయినా పని జరిగిపోతుందని, విదేశీ డబ్బు తీసుకున్న ఇక్కడి ముఠాకు ధీమా. ఎలాగో తెలియాలి."

"నా వేషం?"

"ఇంగ్లీషు మాస్టారు. పని కాగానే వాళ్లు దేశం దాటేస్తారు. అక్కడ నలుగురిలో కలిసిపోవాలంటే రోజువారీ ఇంగ్లీషు కావాలిగా." చీఫ్ ఒక మార్కర్ పెన్ అందించాడు. "క్యాప్ తిప్పితే గదిలో మాటలన్నీ మాకు వినిపిస్తాయి. కానీ బ్యాటరీ ఒక్క నిమిషమే. లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరో నీకు చెప్పను. కొడితే చెప్పేస్తావు."

"నమ్మకానికి థాంక్స్ సర్."

ముఠా దాక్కున్న ఇంట్లోకి వెళ్లడం తేలికే అయింది. బయటికి రావడమనే మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కిటికీలకు ప్లైవుడ్ కొట్టేశారు. తలుపుకు బయటి నుంచి తాళం. బాత్రూమ్‌కు వెళ్లినా వెనకే కాపలావాడు. మాస్టారి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

శిష్యులు ముగ్గురు: డ్రైవర్, ఎలక్ట్రీషియన్, గడ్డం. ఆ ఇంటి అజమాయిషీ అంతా మేడమ్‌ది. సిల్కు స్కార్ఫ్, కాలు మీద కాలు, ఒళ్లో పిస్టల్. రోజూ వెనక కుర్చీలో కూర్చుని పాఠం వినేది. ఎవరి పని వాళ్లకే పైనుంచి అందుతుంది, మేడమ్‌కు కూడా చెప్పరు, ఒకరినొకరు అడగకూడదు. అది ముఠా నియమం. పాత మాస్టారు డ్రైవర్‌ను "ఏం పని మీద వచ్చావు బాబూ?" అని ఊరికే అడిగాడట. ఆయన చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి.

అడగకుండా ఎలా రాబట్టాలి? తన ఇంట్లో ఇంగ్లీషు నేర్చుకున్న మొదటివాడు మాస్టారే. కొత్త భాషలో అబద్ధమాడటం ఎంత కష్టమో ఆయనకు అనుభవమే. మాట వెతుక్కోవడానికే ప్రాణం మీదికొస్తుంది, ఇక కథలేం అల్లుతాం? కళ్ల ముందున్నదే నోటికొస్తుంది.

ఆ మధ్యాహ్నం బోర్డు మీద 'డ్రాప్ ఆఫ్' అని రాశాడు.

"దారిలో మనిషినో వస్తువునో దించేసి మన దారిన మనం పోవడం. ఐ డ్రాప్ ఆఫ్ మై సన్ ఎట్ స్కూల్. ఇప్పుడు తలా ఒక సొంత వాక్యం."

"ఐ డ్రాప్ ఆఫ్ మై వైఫ్ ఎట్ హర్ మదర్స్ హౌస్" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మళ్లీ తెచ్చుకునేదెప్పుడురా?" అన్నాడు గడ్డం.

"ఆ వెర్బ్ మాస్టారింకా నేర్పలేదు."

డ్రైవర్ చేతులు కట్టుకుని లేచాడు. నుదుటి మీద చెమట. "ఐ డ్రాప్ ఆఫ్... గ్యాస్..." అని నాలుక కరుచుకున్నాడు.

మాస్టారి వేళ్లు క్యాప్ మీదికి వెళ్లాయి.

"ఆ పెన్ ఇటివ్వండి." మేడమ్ లేచింది. పిస్టల్ ఆయన గుండెకు గురిపెట్టి ఉంది. "పాఠాలు బాగానే చెబుతున్నారు మాస్టారూ."

ఇచ్చేశాడు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. పాత మాస్టారి చెప్పుల పక్కన తన చెప్పులు కనిపించాయి.

ఆమె ఆయన కళ్లలోకి చూస్తూ క్యాప్ తిప్పింది. పెన్ కొనమీద ఎర్రచుక్క వెలిగింది. తర్వాత డ్రైవర్‌తో అంది. "సగం వాక్యాలు నాకు నచ్చవు. పూర్తి చెయ్."

మేడమ్ అడిగితే నోరు మూసుకునే ధైర్యం వాడికి లేదు. "ఐ డ్రాప్ ఆఫ్ సిలిండర్ ఎట్ ఐసీయూ. అవుట్‌సైడ్, ఆక్సిజన్ రైటింగ్. ఇన్‌సైడ్, పాయిజన్."

"ఎప్పుడు?"

"ఆల్రెడీ డ్రాప్ ఆఫ్, మేడమ్. మార్నింగే."

నిమిషం అయిపోయి ఎర్రచుక్క ఆరిపోయింది. పిస్టల్ మాస్టారి మీది నుంచి జరిగి శిష్యుల వైపు తిరిగింది.

"మీ ముగ్గురూ చేతులెత్తండి. చప్పుడు చేయకుండా."

బయట తాళం, తాళం దగ్గర తుపాకీ. చీఫ్ చెప్పని మనిషి ఈమే. ఇప్పుడు బోనులో ఉన్నది ఇద్దరు. కబురు చేరిందో లేదో తెలియదు. ఇద్దరూ తలుపు వైపే చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకున్నారు. చివరికి తలుపు విరిగింది. వచ్చినవాళ్లు చీఫ్ మనుషులు.

"నర్సు గొట్టం బిగించేసి వాల్వ్ మీద చెయ్యి వేసింది" అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "మనవాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. శాస్త్రవేత్త ఇంకా నిద్రలోనే ఉన్నాడు."

బేడీలతో వ్యాన్ ఎక్కుతున్న డ్రైవర్ ఆగి, దిగులుగా వెనక్కి చూశాడు.

"మాస్టారూ, నా వాక్యం తప్పా?"

"వాక్యానికేం బాబూ, బంగారంలా ఉంది. దించిన సరుకే బాగాలేదు."