చోటు మారిన మీట

ఆ అమ్మాయి డిటెక్టివ్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. మ్యాపులు తయారుచేసే ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. కొత్త వంతెన కోసం తీసిన కొలతలన్నీ నిన్న ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, ఆమె లాగిన్‌లోనే చెరిగిపోయాయి. లాగిన్ మూయకుండా వెళ్లడం తన పొరపాటేనని ఒప్పుకుంది. యజమాని మాత్రం చెరిపింది ఆమేనని తేల్చేసి, ఊళ్లోని అలాంటి ఆఫీసులన్నిటికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు. సాయంత్రం పోలీసులకు అప్పగిస్తాడట.

"ఇంక నాకెవరూ పనివ్వరు సార్," అంది.

"మీ యజమాని బుర్రను ఎక్కడైనా తాకట్టు పెట్టాడా?" అని అడిగాడు డిటెక్టివ్. అసిస్టెంటు నవ్వు ఆపుకున్నాడు. లోకమంతా వెధవలతో నిండి ఉందన్నది గురువుగారి నమ్మకం. ఆయన దగ్గర పనిచేశాక అతనికీ అదే నిజమనిపిస్తోంది.

ముగ్గురూ ఆఫీసుకు వెళ్లారు. ఆమె పనిచేసే గదిలో ఒకటే కంప్యూటర్. మౌసూ లేదు, బొమ్మలూ లేవు. ఆదేశాలు టైపు చేసి నడిపే లినక్స్ కన్సోల్ నల్లతెర, అక్షరాలు, అంతే. డిటెక్టివ్ ఏదో ఆదేశం కొట్టాడు. వరసలు పరిగెత్తాయి. ఆపడానికి కంట్రోల్, సి కలిపి నొక్కితే తెర లెక్కచేయలేదు.

"అది కాదు సార్, క్యాప్స్‌లాక్," అంది ఆ అమ్మాయి సిగ్గుపడుతూ. చిటికెనవేలు నొప్పి పుడుతోందని కంట్రోల్, క్యాప్స్‌లాక్ మీటల పనులు తారుమారు చేసుకుందట. మీటల మీది రాతలు పాతవే. ఈ కన్సోల్‌లో తప్ప ఇంకెక్కడా అలా ఉండదు. ఎవరికైనా చెప్పావా అంటే, ఎవరూ అడగలేదంది.

గది తాళాలు ఇంకో ఇద్దరి దగ్గరే ఉన్నాయి. మ్యాపులు గీసే ముసలాయన నిన్న కాగితాల కోసం వచ్చానన్నాడు. రెండోవాడు యజమాని అల్లుడు. వంతెన కొలతలు తీయించింది అతనే; రేపు వంతెనవాళ్లు వచ్చి సరిచూడాల్సినవీ అవే. అంత పనీ పోయినా అతని ముఖంలో బెంగ లేకపోవడం చూసి అసిస్టెంటుకు ఒళ్లు మండింది.

"ఆ నల్లతెర ముందు నేను జన్మలో కూర్చోలేదండీ," అన్నాడు అల్లుడు. "గుమాస్తాల పని నాకెందుకు?"

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ ఆ గదిలోనే నిలబెట్టాడు. తను ముందే రాసిపెట్టుకున్న ఆదేశం కొట్టాడు. మ్యాపుల పేర్లు తెర మీద పరిగెత్తసాగాయి. "అరెరే, మిగిలినవీ చెరిగిపోతున్నట్టున్నాయే," అన్నాడు తాపీగా.

ఆపమని యజమాని గావుకేక పెట్టాడు. ముసలాయన కంగారుగా కంట్రోల్, సి నొక్కాడు. ఆగలేదు. అల్లుడు ఆయన్ని పక్కకు నెట్టి, క్యాప్స్‌లాక్‌తో సి నొక్కాడు. తెర టక్కున ఆగింది.

"ఏమీ చెరగలేదు. ఉత్త పేర్లే నడిపించాను," అన్నాడు డిటెక్టివ్. "జన్మలో కూర్చోని మనిషికి ఈ మీట సంగతి ఎలా తెలిసిందయ్యా? నిన్న నీకూ ఇది మొరాయించి ఉంటుంది. తడుముకుని నేర్చుకున్నావు. కొలతలు తప్పని రేపు బయటపడుతుందని, తెరిచి ఉన్న లాగిన్‌లో కూర్చుని చెరిపేశావు. దొంగపని కూడా శుభ్రంగా చేతకాలేదు నీకు."

తేలు కుట్టిన దొంగలా అల్లుడు తల దించుకున్నాడు.

యజమాని గొంతు తగ్గించాడు. ఇంటి పరువు, కూతురి కాపురం, విషయం బయటికి పొక్కకూడదన్నాడు. అమ్మాయి జీతం పెంచుతానన్నాడు.

"పరాయి పిల్ల పరువుకైతే ఊరంతా ఫోన్లు చేశారు," అన్నాడు డిటెక్టివ్ అసహ్యంగా.

అప్పుడు ఆ అమ్మాయి కదిలింది. టెలిఫోన్ తెచ్చి యజమాని ముందు పెట్టింది. "మీ ఉద్యోగం నాకొద్దు సార్. నిన్న ఎవరెవరికి చేశారో వాళ్లందరికీ మళ్లీ చెయ్యండి. నా ఎదురుగా."

ఆయన మొదటి నంబరు నొక్కాడు. ఆ అమ్మాయి తప్పేమీ లేదని గొణిగాడు. మరి చెరిపిందెవరని అవతలి గొంతు గట్టిగానే అడిగింది.

ఆయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు గోడ వైపు తిరిగాడు.

"మావాడే," అన్నాడు యజమాని. ఆ అమ్మాయి రెండో నంబరు అందించింది.