మాట తెగిన చోట

“మీరు బయట కూర్చోవాలండీ.”

“ఎందుకూ? నేను లోపలుంటే మీ ప్రశ్నలు అరిగిపోతాయా?”

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ మనిషిని ఆమె ఎగాదిగా చూసింది. తడిసి ఒంటికి అతుక్కున్న చొక్కా, ఇంకా మూయని గొడుగు, ఆ గొడుగు కింద ఎనిమిదేళ్ళ పిల్ల. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. క్లినిక్ వరండా అంతా తడి చెప్పుల వాసన.

“పెద్దవాళ్ళు పక్కనుంటే పిల్లలు జవాబు కోసం వాళ్ళ మొహం చూస్తారు. అందుకని.”

“మా పిచ్చుక ఎవరి మొహమూ చూడదు. చూస్తే ఇక్కడిదాకా ఎందుకొస్తాం డాక్టరు గారూ?”

“నేను డాక్టర్ని కాదండీ, సైకాలజిస్టుని. పిల్లల ధ్యాస, జ్ఞాపకం, చదువు ఎలా ఉన్నాయో పరీక్షలు పెట్టి చూస్తాను.”

“చూసి, పిల్లకి పిచ్చని రాసిస్తారు. అంతేగా?”

ఆమెకు చురుక్కుమంది. ఈ మాట కొత్తది కాదు. తన కోసం సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు కూడా “పిచ్చి పిల్లలతో పనా అమ్మాయికి?” అనేసి, ఇంటికెళ్ళి కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు.

“ముందు ఆ గొడుగు మూయండి. నా కాగితాలు తడుస్తున్నాయి.”

అతను మూశాడు గానీ నోరు మూయలేదు. “మీ కళ్ళజోడు ఓ పక్కకి వాలిందండీ. నాది కళ్ళజోళ్ళ షాపే. అలాగే పెట్టుకుంటే మా పిల్ల మీకు వంకరగా కనిపిస్తుంది.”

ఆమె పిల్లను లోపలికి తీసుకుని, అతని మొహం మీదే తలుపేసింది. వేశాక నవ్వొచ్చింది. ఎదురుగా కుర్చీలో కాళ్ళు నేలకి అందక ఊపుకుంటున్న పిల్లను చూడగానే ఆ నవ్వు పోయింది.

పిల్ల సంగతి అమ్మమ్మ ముందే ఫోన్లో చెప్పింది. తల్లి జబ్బు చేసి పోయింది. తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని, ఇటు తొంగి చూడడం మానేశాడు. పిచ్చుకను అమ్మమ్మ, బయట నిలబడ్డ ఈ మావయ్య పెంచుతున్నారు. రాస్తూ రాస్తూ ఆగిపోతుందనీ, పిలిస్తే పలకదనీ బడిలో రోజూ గొడవ. ఇలాగే ఉంటే తీసుకుపొమ్మన్నారు. “వాళ్ళమ్మ గుర్తొచ్చినప్పుడల్లా అలా కొయ్యబారిపోతుందమ్మా,” అని అమ్మమ్మ కళ్ళు తుడుచుకోవడం ఫోన్లోనే తెలిసింది.

రంగు దిమ్మలిచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటే పిచ్చుక ఆమె మాట పూర్తయ్యేలోపే పేర్చేసింది. కథ చదివి వినిపిస్తే ఉన్నదున్నట్టు తిరిగి చెప్పింది. అంకెలు చెప్పి వెనకనుంచి అనమన్నప్పుడు మాత్రం, “తొమ్మిది, రెండు...” అంటూ ఆగిపోయింది.

ఆలోచిస్తున్నట్టు లేదు. కనురెప్పలు సన్నగా అదిరాయి. చేతిలో పెన్సిల్ గాల్లోనే నిలిచింది. కాసేపటికి, “...ఏడు. అయిపోయిందా అక్కా?” అంది ఏమీ ఎరగనట్టు.

కంప్యూటర్ మీద అక్షరం కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్షలోనూ అదే వరస. ధ్యాస నిలవని పిల్లలు విసుగు ముదిరేకొద్దీ తడబడతారు. ఈ పిల్ల చకచకా నొక్కుతూ నొక్కుతూ, తీగ కోసేసినట్టు ఆగిపోతోంది. మళ్ళీ అంతే చురుగ్గా అందుకుంటోంది.

“ఇందాక ఎక్కడికెళ్ళావు పిచ్చుకా?”

“ఎక్కడికీ వెళ్ళలేదు. మాట మధ్యలో తెగిపోతుంది. మళ్ళీ చూసేసరికి అందరూ నా వంకే చూస్తుంటారు.”

“అమ్మ గుర్తొస్తుందా?”

పిల్ల తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “మావయ్యకి చెప్పవుగా? అమ్మ గుర్తొచ్చిందా అని అడిగితే ఊఁ అంటాను. అలా అంటే తిట్టరు. దగ్గరికి తీసుకుంటారు.”

చెప్పనని ఆమె చేతిలో చెయ్యేసింది. ఆ తర్వాత పరీక్ష ఎలా ముగించిందో ఆమెకే తెలియదు.

క్లినిక్ నడిపే పెద్ద మేడంతో మాట్లాడి, మరుసటి వారం అతన్ని పిలిపించింది. పిల్ల బయట అమ్మమ్మ పక్కన కూర్చుంది.

“ఇది ధ్యాస లోపం కాదనిపిస్తోందండీ. పాప తెలివైనది. మెదడులో ఓ క్షణం కరెంటు తప్పినట్టవుతోంది. మూర్ఛలో ఇదొక చిన్న రకం కావచ్చు. పడిపోవడం, కొట్టుకోవడం ఉండదు. తేల్చాల్సింది నరాల డాక్టరు. మందులకి చాలామంది పిల్లలకి తగ్గుతుంది.”

అతని మొహంలో ఎప్పుడూ ఉండే ఎకసెక్కెం కనిపించలేదు.

“అంటే... మా అక్క కాదా?”

“అండీ?”

“అది అలా ఆగిపోయినప్పుడల్లా మా అక్క దాని దగ్గరికొచ్చిందనుకునేవాణ్ణి. కదిలితే వెళ్ళిపోతుందేమోనని నేనూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. అక్కడెవరూ లేరనీ, అది ఫిట్సనీ మీరు ఇంత తేలిగ్గా చెప్తారేంటండీ?”

“తేలిగ్గా చెప్పలేదండీ...”

అతను లేచిపోయాడు. ఆమె గుమ్మందాకా పరుగెత్తి, “రోడ్డు దాటేటప్పుడు చెయ్యి మాత్రం వదలకండి!” అని అరిచింది. అతను వెనక్కి తిరగలేదు. అమ్మమ్మ మాత్రం తిరిగి చూసింది.

తర్వాత కబురు లేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. వర్షం ఆగింది, మళ్ళీ పట్టుకుంది. వరండాలో ఎవరి అడుగులు వినిపించినా ఆమె చెవులు రిక్కించేది. పిల్ల కోసమేనని తనకు తాను నచ్చజెప్పుకునేది. సగం నిజమే.

ఓ సాయంత్రం అతనే వచ్చాడు. గొడుగు లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“రోడ్డు మధ్యలో ఆగిపోయిందండీ. లారీ వస్తోంది. మీరు వెనకనుంచి అరిచిన మాట చెవిలో గింగురుమంటుండబట్టి చెయ్యి వదల్లేదు. లాక్కున్నాను.” చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. “అమ్మ గుర్తొచ్చిందా అనడిగాను. లేదు మావయ్యా, ఎప్పుడూ రాలేదు అని వెక్కి వెక్కి ఏడ్చింది. మీకు ముందే తెలుసా?”

“తెలుసు. చెప్పనని మాటిచ్చాను.”

అతను ఆమె వంక చూశాడు. మొదటిసారి వేళాకోళం లేని చూపు అది. “ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పండి,” అన్నాడు.

నరాల డాక్టరు పిల్ల తలకి తీగలు పెట్టి, గబగబా గాలి ఊదిస్తూ మెదడు తీరు చూశాడు. అనుమానం నిజమైంది. మందులు మొదలయ్యాయి. మొదట్లో పిల్ల రోజంతా మత్తుగా పడి ఉండేది. అమ్మమ్మ డాక్టర్ని తిట్టేది, దేవుణ్ణి తిట్టేది, ఇద్దరూ దొరక్కపోతే కొడుకుని తిట్టేది. డోసు మార్చాక మెల్లగా తేరుకుంది. బడివాళ్ళకి సైకాలజిస్టే వెళ్ళి నచ్చజెప్పింది. క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా అతను గుమ్మం దగ్గరే, “డాక్టర్ కాని డాక్టరు గారూ, లోపలికి రావచ్చా? ప్రశ్నలేమైనా అరిగాయా?” అనేవాడు. ఆమె నవ్వాపుకోలేక కాగితాల్లో తలదూర్చేది.

ఓ రోజు అంకెల పరీక్ష పెడుతుంటే వరండాలో అతని గొంతు వినిపించింది. ఏ అంకె చెప్పిందో ఆమె మర్చిపోయింది. పిచ్చుకే గుర్తుచేసింది.

ఆ సాయంత్రమే ఆమె పెద్ద మేడం గదిలోకి వెళ్ళింది. “ఈ పాపని ఇక మీరే చూడండి మేడం.”

పెద్ద మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. “పాప వల్లా, పాప మావయ్య వల్లా?”

ఆమె ఫైలు బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది.

రెండో రోజే అతను కోపంతో ఊగిపోతూ వచ్చాడు. “మమ్మల్ని వదిలించుకున్నారట! పిల్ల తన వల్లే తప్పు జరిగిందనుకుంటోంది. ఇప్పటికే ఇద్దరు వదిలేసి పోయారు దాన్ని. మీరు మూడోవారు!”

ఆ మాట ఆమెకు ఎక్కడో దిగింది. “నేను వదిలేయలేదండీ. మీ అడుగుల చప్పుడు వింటే నాకు అంకెలు తప్పుతున్నాయి. అలాంటి మనిషి ఆ పాపకి పరీక్ష పెట్టకూడదు.”

“నా చెప్పులు అంత చప్పుడు చేస్తాయా?”

“చెప్పులు కాదు మహానుభావా!”

అతను తన చెప్పుల వంక చూసుకున్నాడు. కిటికీ అద్దం మీద వాన ధారలు కడుతోంది.

“నా దగ్గరేముందండీ?” అన్నాడు. “ఇల్లంతా ఏడుపే. నవ్వాలంటే షాపుకి పోవాలి. మిమ్మల్ని అందులోకి ఎలా రమ్మనను?”

“రమ్మనకండి. రేపు ఆదివారం. పిచ్చుకకి తన తప్పేం లేదని చెప్పడానికి నేనే వస్తాను.”

మర్నాడు వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఆరని బట్టలన్నీ హాల్లోనే దండెం మీద వేలాడుతున్నాయి. ఆమె పిల్ల పక్కన చాప మీద కూర్చుని, పరీక్షలు పెట్టడం ఎందుకు మానేసిందో పిల్లకి అర్థమయ్యేలా చెప్పింది. పిచ్చుక అంతా విని, “అంటే మావయ్య నీకు ఇష్టమా?” అని తేల్చేసింది. అతను అర్జంటుగా మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి పోయి, ఎంతకీ రాలేదు.

అమ్మమ్మ బట్టలు మడతపెడుతూనే అడిగింది. “ఈ ఇంట్లో సంతోషం తక్కువ అమ్మాయీ. పిల్ల జబ్బు రేపు ఎలా ఉంటుందో డాక్టరే గట్టిగా చెప్పడం లేదు. అన్నీ చూసే వస్తున్నావా?”

“చూసే వస్తున్నానండీ.”

“అండీ ఏమిటి? అత్తయ్యా అను.”

పిచ్చుక మధ్యలో దూరింది. “మరి నేను? అక్కా అనకూడదా?”

“మావయ్య పెళ్ళాన్ని అక్కా అంటారటే? అత్తా అనాలి.”

“అత్తా,” అని అని చూసింది పిల్ల. ఇంకోసారి అంది. ఉన్నట్టుండి మొహం ముడుచుకుపోయి, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. “మా అమ్మ ఉంటే నిన్ను ఏమని పిలిచేది?” అంటూ ఆమె ఒళ్ళో తల పెట్టి భోరుమంది.

వంటింటి గుమ్మంలో గ్లాసుతో నిలబడిపోయాడు అతను. ఆమె పిల్లను ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యేసి ఉంచింది. అతను వచ్చి అటుపక్క కూర్చున్నాడు. చీకటి పడుతోంది. అమ్మమ్మ లైటు వేయడానికి లేచి, ముగ్గురినీ చూసి, మళ్ళీ కూర్చుంది.

“కాసేపు ఏడవనీండి,” అంది.