రాతిగోడలో ఇంటిపెద్ద

పాము తల బయటపెట్టడానికి రెండున్నర గంటలు పట్టింది. లోపలికి పోవడానికి రెప్పపాటు చాలింది.

పొద్దెక్కిన దగ్గర్నుంచి స్త్రాహిల్ ఆ రాతిగోడ ముందు బోర్లా పడుకునే ఉన్నాడు. మోచేతుల కింద తడిమట్టి, కంటికి కెమెరా. చలికాలమంతా నిద్రపోయిన కొమ్ముపింజరి మొదటిసారి ఎండ కాచుకోవడానికి వచ్చేది ఈ వారంలోనేనని అతని నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. రెండు రాళ్ళ సందులోంచి, ముక్కు మీద చిన్న కొమ్ముతో బూడిదరంగు తల మెల్లగా బయటికొచ్చింది. బటన్ మీద వేలు పెట్టాడో లేదో...

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

"పొండి పాముల్లారా! పొండి తొండల్లారా! బ్లాగోవెత్స్ పండగ వచ్చేసింది!"

పాము మాయం. గోడ మలుపులో ఒక అమ్మాయి ప్రత్యక్షం. ఒక చేతిలో రాగి పళ్ళెం, ఇంకో చేతిలో పొయ్యి పట్టకారు, కాళ్ళకి రెండు సైజులు పెద్దవైన మగవాళ్ళ బూట్లు.

"ఏవండీ! కాస్త ఆపుతారా?"

ఆమె కెవ్వుమని పళ్ళెం గుండెకి అడ్డం పెట్టుకుంది. "మా గోడ కింద పడుకుని ఏం చేస్తున్నారు?"

"పాము కోసం చూస్తున్నా."

"నేను పాముల్ని తరుముతున్నా. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం." మళ్ళీ ఠంగుమనిపించింది.

"పళ్ళెం ఎంతసేపైనా కొట్టుకోండి, దానికి పట్టదు. ఆ బూట్లతో నేల అదరగొడుతున్నారే, దానికే అది హడలిపోయింది."

ఆమె బూట్ల వంక చూసుకుంది. "అంటే పండగపూట ఊరంతా పళ్ళాలు వాయించేది దండగంటారా?"

"పండగపూట ఆ మాటంటే తంతారు. అందుకే అనలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, కుదరలేదు.

ఆ ఊళ్ళో బ్లాగోవెత్స్ నాడు వాకిట్లోకి వచ్చినవాణ్ణి చేప తినిపించకుండా పంపరు. వాళ్ళ నానమ్మ దోబ్రా బామ్మ వేయించిన చేప పెట్టింది. మోచేతుల మట్టితోనే తిన్నాడు. అమ్మాయి పేరు రుమేనా అనీ, ఊళ్ళో చీజ్ చేసేచోట పనిచేస్తుందనీ తెలిసింది. తను హస్కోవో పట్నంలో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాననీ, నాలుగేళ్ళుగా శనివారాలు ఈ గోడ దగ్గరికే వస్తున్నాననీ చెప్పాడు.

"నాలుగేళ్ళుగానా? నాకెప్పుడూ కనపళ్ళేదే!"

"మీరెప్పుడూ పళ్ళెంతో రాలేదు."

ఆ రాత్రి ఇంటికెళ్ళి చూస్తే కెమెరాలో ఒక్కటే ఫోటో. ఖాళీ సందు, దాని వెనక మసగ్గా ఒక జత బూట్లు. ఎందుకో దాన్ని చెరిపెయ్యబుద్ధి కాలేదు.

ఏప్రిల్లో రుమేనా శనివారం శనివారం గోడ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. బూట్లు గట్టు మీదే విప్పేసి, ఉన్ని మేజోళ్ళతో పిల్లిలా నడిచొచ్చేది. నుదుటి పొలుసుల్ని బట్టి ఏ పింజరి ఏదో గుర్తుపట్టడం నేర్చుకుంది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. అంతకంటే ముందుకి పోవడానికి మాత్రం మన స్త్రాహిల్‌కి నోరు పెగల్లేదు. విషప్పాము ముందు వణకని మనిషి, రుమేనా పక్కన కూర్చుంటే లెన్సు మూత మూడుసార్లు కింద పడేసేవాడు.

ఒక శనివారం ఆమె అతని వంక చూడకుండా అంది. "ఎల్లుండి కాదు, పై సోమవారం పొక్లెయిన్ వస్తోంది. నానమ్మ ఈ గోడ పీకించి సిమెంటు గోడ కట్టిస్తుందట. పింజరి కనపడిందని భయం."

గోడ పోతే పాములు పోతాయి. పాములు పోతే శనివారం ఇక్కడికి రావడానికి సాకు పోతుంది. ఆ రెండో బాధే పెద్దదని స్త్రాహిల్‌కి అప్పుడు తెలిసింది.

"ఒక్క అబద్ధం చెప్పు," అంది రుమేనా. "గోడలో ఉన్నది ఇంటిపెద్ద అని. ఇంటిని కాచే పామున్న గోడ మీద నానమ్మ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వదు."

"ఇంటిపెద్ద అంటే జెర్రిపోతు, రుమేనా. దానికి విషం ఉండదు. ఇది పింజరి. నా మాట నమ్మి బామ్మగారు పాలగిన్నెతో వచ్చి ఈ సందులో చెయ్యి పెడితే?"

"అయితే గోడ పోనీ అంటావు."

"అబద్ధం చెప్పనంటున్నా."

"నువ్వూ నీ నిజమూ సిమెంటు గోడకి ఫోటోలు తీసుకోండి!" రుమేనా విసవిసా వెళ్ళిపోయింది. బూట్లు గట్టు మీదే ఉండిపోయాయి.

స్త్రాహిల్ మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆ పాతగోడలో నిజంగానే ఒక జెర్రిపోతు ఉండకపోతుందా అని ఆశ. మొదటి రోజు లేదు. రెండో రోజు వాన. మూడో రోజు ఎండ కాయగానే, గోడలోంచి ఇంటి నేలమాళిగ కిటికీ పక్కనున్న ఎండిన ద్రాక్షతీగల కుప్ప మీదికి గోధుమరంగు పాము ఒకటి నింపాదిగా పాకింది. మనిషంత పొడుగు. మెడ మీద అడ్డంగా పాత గాటు.

కెమెరాతో బామ్మా రుమేనా ఉన్న వంటింట్లోకి పరుగెత్తాడు. బామ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చూసి అలాగే స్టూలు మీద కూలబడింది.

"పదకొండేళ్ళయింది అబ్బాయ్. మా ఆయన తీగలు కొడుతుంటే దీని మెడకి కొడవలి తగిలింది. ఇంటిపెద్దని నా చేత్తోనే చంపుకున్నానని రోజంతా ఏడ్చాడు. ఆ చలికాలమే పోయాడు." ఫోటోలో మెడ మీది గాటుని వేలితో తడిమింది. "ఇది చావలేదా?"

"లేదు బామ్మగారూ. బాగా తిని బలిసింది."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. "ఆ వెర్రిబాగులవాడికి ఈ ఒక్క మాట తెలిస్తే ఎంత బావుండేది! రుమేనా, ఆ పొక్లెయినువాడికి ఫోన్ చెయ్యి. రావద్దను."

"పింజరులు కూడా ఉన్నాయి బామ్మగారూ," అన్నాడు స్త్రాహిల్. ఊరుకోవచ్చుగా! "ఎండవేళ ఆ సందుల్లో చెయ్యి పెట్టకండి."

"ఉండనీ. ఇంటిపెద్ద ఉన్నచోట అద్దెకుండేవాళ్ళు ఉండరా?" బామ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నీకు అబద్ధం రాదు కదా. అయితే చెప్పు. ప్రతి శనివారం వచ్చేది పాముల కోసమేనా?"

స్త్రాహిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ పట్టుకున్న రుమేనా నంబరు నొక్కడం మానేసింది.

"మొదట్లో పాముల కోసమే," అన్నాడు. "ఈమధ్య రుమేనా కోసం. పాము కనపడకపోయినా నాకు బాధనిపించడం లేదు."

"మరి నా ఫోటో ఒక్కటైనా తీశావా?" రుమేనా గొంతులో కోపం ఉండాలి. లేదు.

అతను వెనక్కి తిప్పి తిప్పి చూపించాడు. ఖాళీ సందు, మసగ్గా ఒక జత బూట్లు. ఆమె వంగి చూసింది.

"బూట్లేనా?"

"కదలకుండా ఉంటే మొహం కూడా తీస్తా."

"రెండున్నర గంటలా?"

"ఎంతసేపైనా."

బామ్మ పట్టకారు తీసుకుని పొయ్యిలో నిప్పులు ఎగదోసింది. "ఫోటో తర్వాత. ముందు గట్టు మీద దాని బూట్లు తెచ్చిపెట్టు. శనివారం నుంచి మేజోళ్ళతో తిరుగుతూ ఆ బూట్లు తెచ్చుకోదేం! నువ్వే తెచ్చివ్వాలట."