ఐసు ఫ్యాక్టరీలో రత్నకుమారి గొంతు

చిన్న కథండీ. ఇమాం సాహెబు గారి కొట్లో టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆయన టీ చేతికిచ్చేసరికే చల్లారి ఉంటుంది కాబట్టి, నిజానికి ఇంకా చిన్నదే.

మా జమ్ములంకకూ బస్సు ఆగే కల్వర్టుకూ మధ్య కిలోమీటరు పొడుగున చెరువు గట్టు ఉంది. ఆ గట్టు మధ్యలో ఐసు ఫ్యాక్టరీ. కైకలూరు ఆసామి ఒకాయన చేపలకు ఐసు అమ్ముదామని కట్టించి, రెండేళ్లు నడిపి, తాళం వేసి పోయాడు. చల్లదనం బయటకు పోకుండా గోడల నిండా ఊక కూరించాడు. ఇప్పుడు చల్లదనమూ లేదు, ఆసామీ లేడు, ఊక ఉంది.

చీకటి పడ్డాక ఆ పక్కగా ఎవరూ నడవకూడదు. అందులో ఒక ఆడమనిషి చచ్చిపోయింది. ఐసు గదిలో తలుపు పడిపోయి బిగుసుకుపోయిందని హన్నమ్మ గారు చెబుతారు. కాదు, కరెంటు మోటారు పట్టుకుందని చెరువు కాపలా ఏసోబు చెబుతాడు. సంఘపెద్ద ఎలీయాజరు గారైతే ఆవిడ పేరు, కట్టుకున్న చీర రంగు కూడా చెబుతారు. చెప్పినప్పుడల్లా పేరు మారుతుంది. వాక్యం చెప్పేటప్పుడు అధ్యాయాల అంకెలు కూడా ఆయనకు అలాగే మారతాయి లెండి.

దెయ్యం పద్ధతి మాత్రం అందరూ ఒకేలా చెబుతారు. దారిన పోయేవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. రెండుసార్లు. మూడోసారి పిలవదు. మా వైపు రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకం. మూడోసారి కూడా పిలిస్తే మనిషి. రెండుతో ఆపితే... అది. ఏసోబు అల్లుడు ఒకసారి రాత్రి వచ్చి రెండుసార్లు పిలిచి, పలకలేదని అలిగి, అంత వానలోనూ వెనక్కి అత్తిలి వెళ్ళిపోయాడు. ఏసోబు కూతురు ఇక్కడే ఉండిపోయింది. అది వేరే కథ.

ఎక్కడున్నాను? ఆ, రత్నకుమారి.

రత్నకుమారి మా బడి టీచరు, హన్నమ్మ గారి కోడలు. పుట్టిల్లు వట్లూరు. మొగుడు సాల్మన్ తాడేపల్లిగూడెంలో సొంత లారీ మీద ఉల్లిపాయలు తోలతాడు. నెలకొకసారి ఇంటికి వస్తాడు, వాసన మాత్రం నెలంతా ఉంటుంది. వెనకటి వరదలో ఆవిడ మామగారు మంచం మీద నిద్రలోనే పోయారు. నీళ్లొస్తున్నాయని చెప్పే దిక్కు లేక పోయారు. అది రత్నకుమారి మనసులో అలా ఉండిపోయింది.

సెల్లు ఫోన్లు ఊళ్ళోకి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఏలూరు నుంచి ఆఫీసర్లు ఒక పెట్టె తెచ్చారు. పైన సోలారు పలక, లోపల సిమ్ము కార్డు, ముందు రెండు మైకు గొట్టాలు. తమ్మిలేరు వాగు ఎగువన వరద మొదలైతే ఏలూరులో ఎవరో కంప్యూటరు మీద మీట నొక్కుతారట, ఇక్కడ పెట్టె దానంతటదే అరుస్తుందట, వరద తగ్గేదాకా గంటకోసారి. గొంతు ఊరి మనిషిదైతే జనం నమ్ముతారని రత్నకుమారి చేత చెప్పించారు.

"నీళ్లు వస్తున్నాయి. లేవండి. పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని షెల్టరుకు వెళ్ళండి."

రెండుసార్లు చెప్పింది. రెండోసారి మధ్యలో దగ్గింది. మళ్ళీ చెబుతానండి అంటే, భోజనాల వేళయింది, దగ్గు ఉండనీండమ్మా అన్నారు ఆఫీసరు గారు.

పెట్టెను మా ప్రార్థన గుడి గోపురం మీద బిగించారు. రత్నకుమారి నలభై గడపలూ తిరిగి చెప్పింది. "ఇక నిశ్చింతగా పడుకోండి. నీళ్లొస్తే నేను లేపుతాను."

ఆ యేడు అన్నట్టే లేపింది. ఊరంతా షెల్టరుకు చేరాం. ఒక్క కోడిపిల్ల పోలేదు. నీళ్లకు అవతల దిగువలంకకు కూడా వినపడిందట. ఏలూరు మిషను హాస్టల్లో రత్నకుమారితో చదువుకున్న సిల్వియా అక్కడ కాపురం ఉంది. మర్నాడు ఫోను చేసి, "నీ గొంతు మా ఇంటిదాకా వచ్చిందే రత్నం! మా అత్తగారిని మోసుకుని పరిగెత్తాం" అంది. ఆ మాట రత్నకుమారి మాకు నెల్లాళ్ళు చెప్పింది. రోజుకు రెండుసార్లు. ఆ రాత్రే మా ఉమ్మడి చెరువు గట్టు తెగి చేపలన్నీ కొల్లేట్లో కలిశాయి. వరదన్నాక గట్లు తెగుతాయి. ఆవిడ పట్టించుకోలేదు.

తర్వాత పెట్టె పాడైంది. రిపేరుకు ఏలూరు పంపామన్నారు ఎలీయాజరు గారు. రత్నకుమారి నెలకోసారి అడిగేది. "సామాను దొరకలేదటమ్మా" అనేవారు. గుడి హార్మోనియం కూడా అలాగే ఆరేళ్లు రిపేరులో ఉంది కాబట్టి ఆవిడ నమ్మింది.

మరుసటి యేడు వానల్లో ఆవిడకు ఏలూరులో రెండు రోజుల ట్రైనింగు పడింది. మొదటిరోజు సాయంత్రం అక్కడి ఆఫీసులో ఎవరో అన్నారు — పైన వరద గట్టిగా ఉంది, తెల్లారేసరికి లంకలకు చేరుతుందని.

పెట్టె లేదు. ఊరికి చెప్పేవాళ్ళు లేరు. అత్తగారికి కీళ్ళనొప్పులు, ఒంటరిగా లేవలేదు. ఎలీయాజరు గారికి ఫోను చేసింది. మోగలేదు. ఇమాం సాహెబు గారికి చేసింది. మోగలేదు. వానలో తడుస్తూ ఆఖరి బస్సెక్కింది.

రాత్రి ఎనిమిదికి కల్వర్టు దగ్గర దిగింది.

"ఒక్కరే వెళ్తారా అండీ?" అన్నాడు కండక్టరు. "ఆ ఫ్యాక్టరీ దాటాలి కదా..."

"తప్పదండీ" అంది.

ఒక పక్క చెరువు, ఒక పక్క జమ్ము దుబ్బులు. గొడుగు రెండో గాలికే తిరగబడింది. చెప్పులు చేత పట్టుకుంది. స్తోత్రం చెప్పుకుంటూ, తల తిప్పకుండా, నడిచింది.

ఫ్యాక్టరీ వచ్చింది.

గోడ నల్లగా, తడిగా... దాటుతోంది. ఇంకా పది అడుగులు.

అప్పుడు లోపలి నుంచి —

"నీళ్లు వస్తున్నాయి..."

గోడల్లోంచి. ఎవరో నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు.

"లేవండి..."

ఆవిడ గొంతే. ఆవిడ నోరు మూసుకునే ఉంది.

అక్కడే ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందన్నారు కదా... రెండుసార్లే పిలుస్తుందన్నారు...

కాసేపు వాన చప్పుడు. ఆపైన రెండోసారి.

"నీళ్లు వస్తున్నాయి. లేవండి. పిల్లల్నీ —"

దగ్గింది.

దెయ్యం దగ్గింది!

మూడో పిలుపు కోసం నిలబడింది. రాలేదు. కానీ రత్నకుమారికి భయం పోయి, ఒళ్ళు మండింది. గొంతు దొంగిలిస్తే దొంగిలించింది, ఆఫీసరు గారి భోజనం వేళ వచ్చిన దగ్గు దానికెక్కడిది? కిటికీ చువ్వల్లోంచి తొంగి చూసింది. లోపల చీకట్లో ఒక పచ్చ దీపం, మిణుకు మిణుకు మంటూ. దాని వెలుగులో రెండు మైకు గొట్టాలు. పెట్టె వైరు పై కన్నంలోంచి కప్పు మీది పలకకు వెళ్ళింది.

ఏలూరులో రిపేరులో ఉన్న పెట్టె.

"పెద్దయ్య గారూ..." అంది పళ్ళు బిగించి. ఒక్క మనిషి చేసిన పని అనుకుంది. ఎలీయాజరు గారు అబద్ధమాడి దాచారు, పాపం ఊరు తెలియక నిద్రపోతోంది అనుకుంది.

పరిగెత్తింది. పేటలో మొదటి ఇల్లు ఏసోబుది. తలుపు బాదింది. మా పద్ధతి ప్రకారం మూడుసార్లూ పిలిచింది.

"ఏసోబూ! ఏసోబూ! ఏసోబూ, నేనయ్యా, టీచర్ని!"

పలకలేదు.

పక్కిల్లు. మూడుసార్లు. పలకలేదు. ఆ పక్కిల్లు... నా ఇల్లు కూడా కొట్టిందట. తన గొంతుతో దెయ్యం తిరుగుతోందనుకుని లోపల వణుకుతున్నారని ఆవిడ ఏడ్చింది. నలభై గడపల ముందూ ఏడ్చింది. ఒక దీపం వెలగలేదు. ఒక కుక్క మొరగలేదు.

కుక్క మొరగలేదేమిటని అప్పటికి తట్టింది.

సొంతింటికి వచ్చింది. తలుపుకు గడియ లేదు.

"అత్తయ్యా?"

మంచం ఖాళీ. కోళ్ల గంప లేదు. బియ్యం డబ్బా లేదు. గోడ మీద మామగారి ఫొటో లేదు. రత్నకుమారి పెళ్ళి ఫొటో మాత్రం మేకుకే ఉంది.

నీళ్లు అప్పటికే వాకిట్లో మడమల దాకా వచ్చాయి.

పేట వెనక మెరక మీద తుఫాను షెల్టరు. తలుపు కింద సందులో సన్నగా వెలుగు... లోపల మాటలు, గిన్నెల చప్పుడు. తోసింది.

అందరం ఉన్నాం. నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు. కుక్కలతో సహా ఉన్నాం. గోధుమరవ్వ ఉప్మా వడ్డన జరుగుతోంది. ఇమాం సాహెబు గారి టీ ఆ ఒక్కరోజు వేడిగా ఉంది.

హన్నమ్మ గారు కోళ్ల గంప పక్కన, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. "నువ్వు రేపు కదమ్మా రావలసింది?" అన్నారు.

"నీళ్లొస్తున్నాయని మీకెలా తెలిసింది అత్తయ్యా?"

ఏసోబుకు మౌనం పడదు.

"పెట్టె అయిదింటికే చెప్పిందండీ. నేనే ఇంటింటికీ..." అంటూనే ఎవరో గిల్లారు. ఆపేశాడు.

"పెట్టె రిపేరులో ఉందన్నారు."

"బాగయిందమ్మా" అన్నారు ఎలీయాజరు గారు, విస్తరిలోకి చూస్తూ.

రత్నకుమారి మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. తడి జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "అందరికీ తెలుసా?" అంది మెల్లగా.

హన్నమ్మ గారే చెప్పారు. "గుడి మీదుంటే దిగువలంకకు వినపడుతుందే అమ్మాయ్. వినపడితే పలుగులు పట్టుకుని పడవల మీద వస్తారు, నీళ్లకు దారి కావాలని. పోయినేడు మన గట్టు తెంచింది వరద కాదు. వాళ్ళు. ఐసు ఫ్యాక్టరీలో పెడితే ఊక గోడలు దాటి అంత దూరం పోదు. మనకు తెలిస్తే చాలదా? నీకు చెబితే ఒప్పుకోవు."

"మరి దెయ్యం?"

ఎలీయాజరు గారు ఇబ్బందిగా కదిలారు. "మేమంతా కైకలూరు వైపు పడవ మీద పోతాం కదమ్మా. ఆ గట్టు మీద నడిచేది నువ్వే. వారం వారం పుట్టింటికి పోయి వస్తుంటావు... ఎప్పుడైనా వింటావేమోనని."

అంటే ఆ దెయ్యాన్ని ఊరంతా కూర్చుని ఒక్క మనిషి కోసం తయారు చేశాం. మోటారు, చీర రంగు, అన్నీ. నా వంతు నేను రెండు పిలుపుల సంగతి కలిపాను. అందరికీ నచ్చింది.

రత్నకుమారి సంచిలోంచి ఫోను తీసింది.

"గట్టు ఉంటే నీళ్లన్నీ దిగువలంక మీదికి తిరుగుతాయి. అక్కడ సిల్వియా ఉంది. ఇద్దరు పిల్లలు. కదలలేని అత్తగారు."

ఎవరం అడ్డం రాలేదు. ఆవిడ సంగతి మాకు తెలుసు. చెప్పే తీరుతుంది. ఏసోబు చెరువు పోయినట్టేనని తల పట్టుకున్నాడు.

"చెయ్యమ్మా" అన్నారు హన్నమ్మ గారు నెమ్మదిగా. "చెరువులో ఒక వాటా నీ పేరున కూడా ఉంది. సాల్మన్ లారీ సొంతమైంది ఎలాగనుకున్నావు? వాడే అడిగి రాయించాడు. నీతో అనొద్దన్నాడు."

రత్నకుమారి ఆవిడ వంక అలా చూస్తూనే ఉంది. ఈలోగా ఫోను కలిసింది. షెల్టరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అవతలి గొంతు మాకూ వినపడింది.

"రత్నం? ఏంటే ఈ వేళప్పుడు?"

రత్నకుమారి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఏం లేదే" అంది. "ఊరికే చేశాను. పిల్లలు పడుకున్నారా?"

"ఆ, ఇప్పుడే."

"సరే. ఉంటాను."

ఫోను సంచిలో పెట్టింది. హన్నమ్మ గారు జరిగి చోటిచ్చారు. కూర్చుంది. ఎవరో విస్తరి వేశారు. తింది. ఉప్పు తక్కువైందంది.

తెల్లారేసరికి దిగువలంకలో పదకొండు ఇళ్ళు లేవు. సిల్వియా, పిల్లలు బడి డాబా ఎక్కి బతికారు. అత్తగారు పోయారు. భూస్థాపనకు జమ్ములంక నుంచి పడవ కట్టుకుని వెళ్ళాం. రత్నకుమారి కూడా వచ్చింది.