మూడో పైపు మూత

ట్యాంకు కడగాలి.
ఫిల్టరు బిగించాలి.
మడికొక పైపు పరచాలి.
మొక్క మొక్క దగ్గరా పైపుకు కన్నం పెట్టి డ్రిప్పరు గుచ్చాలి.
నీళ్లు వదిలి మూడు పైపులూ కడగాలి.
ఆ తర్వాతే పైపుల చివర మూతలు పెట్టాలి.

నబీ రసూల్ మామ చెబుతుంటే సుజిత రాసిన కాగితం అది. పని అయిన కొద్దీ టిక్కు పెట్టడం కూడా సుజిత వంతే.

మామది కడప వైపు. సౌదీ అరేబియాలోని హుఫూఫ్‌లో ఒక ఖర్జూరపు తోటలో పదకొండేళ్లుగా పైపుల పని చేస్తున్నాడు. వచ్చే శుక్రవారం తెల్లవారుజామునే ఉద్యోగం చాలించి, ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోతున్నాడు. మళ్లీ రాడు. సుజిత వాళ్లమ్మ రెబెక్కా నర్సు. ఒకసారి మామకు వడదెబ్బ తగిలితే ఆసుపత్రిలో ఆమే చూసుకుంది. అప్పటినుంచి అన్నాచెల్లెళ్ల వరస. అందుకే సెలవు రోజు వచ్చి, చెల్లెలి పెరట్లో మొక్కలకు బొట్టు బొట్టుగా నీళ్లందేలా డ్రిప్పు వేస్తున్నాడు.

రేపు అమ్మా సుజితా ఖోబర్‌లో పిన్ని ఇంటికి వెళ్తున్నారు. నాలుగు రోజులు మొక్కలకు ఆ పైపులే దిక్కు. మొదటి మడిలో టమాటా, రెండో దాంట్లో బెండ, మూడో దాంట్లో గోంగూర. గోంగూర విత్తనాలు మామ ఊరి నుంచి తెచ్చినవే.

"పాపా, కన్నాలు పెట్టేటప్పుడు ప్లాస్టిక్ తునకలు లోపల పడింటాయి. ఒక్కో వాల్వు తిప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఇడువు. అప్పుడు మూత పెట్టు. నేను నమాజు చేసుకోని వస్తా."

మొదటి పైపులోంచి మురికి నీళ్లు, నల్లటి తునకలు వచ్చాయి. తర్వాత తేట నీళ్లు. మూత పెట్టింది. రెండోదీ అంతే.

ఇంతలో గేటు దగ్గర పక్కింటి రేష్మా బెల్లు కొట్టింది. "సుజీ! కొత్త సైకిల్! వస్తావా, గోంగూర పక్కన నువ్వు కూడా నాటుకుపోయావా?"

మూడో పైపుకు కడగకుండానే మూత బిగించి, కాగితం మీద టిక్కు పెట్టి పరుగెత్తింది సుజిత.

సాయంత్రం మామ అడిగాడు. "మూడూ కడిగినావా?"

"కడిగా మామా."

"భేష్. పదకొండేళ్లలో నా లైను ఒక్కసారి మొరాయించలా!"

ట్యాప్ తిప్పాడు. అన్ని డ్రిప్పర్ల నుంచీ బొట్టు బొట్టుగా నీళ్లు రాలాయి.

బుధవారం తిరిగొచ్చేసరికి టమాటా, బెండ పచ్చగా ఉన్నాయి. గోంగూర మడి మాత్రం అప్పడంలా ఎండిపోయింది. అమ్మ బక్కెట్లతో నీళ్లు పోసినా ఒక్క మొక్కా తేరుకోలేదు.

గురువారం పని దిగగానే మామ వచ్చాడు. మడి ముందు గొంతుక్కూర్చుని డ్రిప్పరు పీకి అరచేతిలో తట్టాడు. నీళ్లతో మెల్లగా కొట్టుకొచ్చి దానిలో అడ్డుపడ్డ సన్నని నల్లటి తునక పడింది.

"పాప కడిగింది గదా. అయితే కన్నాలు నేనే సరిగ్గా పెట్టలేదు. పోయే ముందు చెల్లెలింట్లో పని చెడగొట్టినానే!"

"అయ్యో, అదేంటన్నయ్యా! నాలుగు మొక్కలకు అంత మాటా?" అంది అమ్మ.

తను కడగలేదని సుజిత చెప్పాలనుకుంది. కానీ మామ పీకిన డ్రిప్పరు తీసి మళ్లీ పైపుకు గుచ్చింది. మామ ఆమె తల నిమిరి, "బాగా సదువుకో పాపా" అని వెళ్లిపోయాడు. నడుస్తూ నడుస్తూ తన చేతుల వంక చూసుకున్నాడు. సుజిత అది చూసింది.

తెల్లారి లేస్తూనే అమ్మకు అంతా చెప్పేసింది. అమ్మ తిట్టలేదు. ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్.

"ఇక్కడి సిమ్ తీసేసుంటాడు. ఊరి నంబరు మన దగ్గర లేదు. నాకు చెప్పావు, మంచిదే. కానీ వినాల్సినాయన వెళ్లిపోయాడు కదమ్మా."

సుజిత చాలాసేపు ఏడ్చింది. తర్వాత పెరట్లోకి వెళ్లి మూడో పైపు మూత తీసి, వాల్వు తిప్పింది. నల్లటి తునకలు ఒక్కొక్కటే కొట్టుకొచ్చాయి.

గేటు దగ్గర బెల్లు మోగింది. "సుజీ! రావా?"

"ఉండవే. ఇంకా తేటగా రావడం లేదు."

తేటగా వచ్చేదాకా అక్కడే కూర్చుంది. మూత పెట్టాక కాగితం తెచ్చి, ఆ అబద్ధపు టిక్కు కొట్టేసి, కింద రాసింది: "మూడో పైపు కడగనిది సుజిత. మామ తప్పు లేదు."

ఇప్పుడు ప్రతి శుక్రవారం మూడు పైపులూ కడుగుతుంది. మూడో మడిలో కొత్త గోంగూర మొలిచింది. ఆ సంగతీ మామకు తెలియదు.

మీరెప్పుడైనా మొక్కలకు నీళ్లు పెడితే, కడప వైపు నబీ రసూల్‌ను ఒక్కసారి తలచుకోండి. ఆయన పని బాగానే చేశాడు.