గ్లాసు నిండేలోగా

"నార్మల్ గారంటే మీరేనా?"

తలెత్తి చూశాను. నీటి సరఫరా ఆఫీసులో నా టేబుల్ ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో కాగితాల కట్ట, ఇంకో చేతిలో తడిసిన గొడుగు. బయట వాన తగ్గింది గానీ ఆమె మొహంలో ఉరుములు తగ్గలేదు.

"నేను అసిస్టెంట్ ఇంజనీర్నండీ. నార్మల్ ఎవరు?"

"ఇవన్నీ రాసినాయన." కాగితాలు ఒక్కొక్కటే నా ముందు పరిచింది. "మా వీధి చివరింటికి నీళ్ళు రావట్లేదని పదకొండుసార్లు కంప్లయింట్ ఇచ్చాను. పదకొండుసార్లూ ఒకటే జవాబు. 'తనిఖీ చేశాం, ప్రెషర్ నార్మల్, ఫిర్యాదు క్లోజ్ చేశాం.' కింద సంతకం ఎవరిది?"

సంతకం నాదే. ఎంత తల అటూ ఇటూ తిప్పి చూసినా నాదే.

"మా లైన్‌మన్ మీటర్ పెట్టి చూశాకే రాశానండీ," అన్నాను బింకంగా. "రీడింగ్ నార్మల్ వస్తే నేనేం చెయ్యను?"

"రేపు పొద్దున ఆరింటికి మా ఇంటికొచ్చి గ్లాసుడు మంచినీళ్ళు తాగండి, చాలు."

"అబ్బే, మర్యాదలెందుకండీ..."

"మర్యాద కాదు సార్, తనిఖీ."

గొడుగు నా ఫైళ్ళ మీదే దులిపి వెళ్ళిపోయింది. నాకు కోపం రావాలి. రాలేదు. పక్క సీటు గుమాస్తాగారు నన్నూ తలుపునీ మార్చి మార్చి చూసి ముసిముసిగా నవ్వారు.

మర్నాడు ఆరింటికి పది నిమిషాల ముందే వెళ్ళాను. ఆ ఇంటి కింది గదిలో వాళ్ళ అమ్మగారి లాండ్రీ. ప్రసూతి ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతారు. గదినిండా మూటలు, మూలన రెండు మిషన్లు. నడుస్తున్నది మాత్రం ఒక్కటీ లేదు.

ఆమె కుళాయి కింద గ్లాసు పెట్టింది. సన్నటి ధార జారింది. ధార అనడం కూడా ఎక్కువే, దారం అనాలి.

"కూర్చోండి," అంది స్టూలు జరిపి.

"ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు. రోజూ చూస్తున్నాను కదా."

ఒక గ్లాసు కోసం పదకొండు నిమిషాలు ఎదురెదురుగా కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడక తప్పదు. అలా తెలిసింది నాకు, నెలాఖరులోగా దుప్పట్లు టైముకి అందకపోతే ఆసుపత్రివాళ్ళు పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారని. ఆ పని పోతే లాండ్రీ మూతపడుతుందని. పన్నెండేళ్ళుగా వాళ్ళమ్మ ఒంటిచేత్తో నిలబెట్టిన లాండ్రీ అది.

"మీ మీటర్ ఎక్కడ పెడతారు సార్?" ఉన్నట్టుండి అడిగింది.

"రూల్ ప్రకారం వీధి మొదటింట్లో."

"నీళ్ళు రానిది ఎవరికి?"

"చివరింటికి..."

"జ్వరం కోడలికైతే థర్మామీటర్ అత్తగారి నోట్లో పెట్టారన్నమాట!"

నీళ్ళు నమిలాను. నమలడానికి ఆ ఇంట్లో అవైనా ఉంటే బావుండేది. నాలుగేళ్ళ సర్వీసులో ఈ చిన్న ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదంటే సిగ్గేసింది. గ్లాసు నిండింది. తాగాను. అంత కష్టపడి వచ్చిన నీళ్ళు అంతవరకూ తాగలేదు.

"ఇప్పుడు రాయండి, నార్మల్ అని." ఈసారి ఆమె గొంతులో చిన్న నవ్వుంది.

నిజానికి ఒక్క రీడింగ్ చాలు. నేను ఏడు రోజులు వరసగా వెళ్ళాను. రోజూ మీటర్, రోజూ గ్లాసు, రోజూ పదకొండు నిమిషాలు. ఆమె పిల్లలకి లెక్కలు చెప్పే టీచరని, ఓడిపోవడం అస్సలు చేతకాదని, నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుందని తెలిసింది.

ఏడో రోజు వాళ్ళమ్మగారు దుప్పటి మడతపెడుతూ అడిగారు. "బాబూ, నిన్నటికీ ఇవాళ్టికీ ఏమన్నా మారిందా?"

"మారలేదండీ. నిర్ధారణ చేసుకోవాలి కదా."

"అవునవును, బాగా చేసుకో," అన్నారావిడ కూతురి వైపు ఓరగా చూస్తూ. కూతురు చటుక్కున గ్లాసువైపు తిరిగిపోయింది.

లోపం ఎక్కడో మాత్రం దొరకలేదు. మ్యాప్‌లో పైపు తిన్నగా ఉంది. చివరికి ఇంట్లో నాన్నని అడిగాను. ఆయన ముప్పై ఏళ్ళు ఇదే ఊళ్ళో వాల్వులు తిప్పి రిటైరయ్యారు. ఇంజనీర్నయ్యాక ఆయన్ని సలహా అడగడానికి నాకేదో నామోషీగా ఉండేది.

"ఐదో ఇంటి ముందు వాల్వుండాలే!" అన్నారు వెంటనే.

"మ్యాప్‌లో లేదు నాన్నా."

"నీళ్ళు వదిలేది మ్యాపా, వాల్వా? పాత పైపు పగులుతోందని నేనే దాన్ని సగం మూశాను. కొత్త పైపు వేశాక తెరవమని చెప్పాను. ఈలోగా నన్ను వేరే వార్డుకి మార్చారు. తర్వాత పైపు మార్చి, దాని మీద రోడ్డేసినట్టున్నారు. ఇన్నేళ్ళకి మిగతా సగమూ తుప్పుతో పూడుకుపోయుంటుంది." మెల్లగా అన్నారు. "నా చేత్తో మూసింది, నా చేత్తో తెరవకుండా వచ్చేశాన్రా."

మర్నాడు ఉత్సాహంగా పెద్దసారు గదిలోకి వెళ్ళాను. ఆయన గోడ మీద బోర్డు చూపించారు. 'పెండింగ్ ఫిర్యాదులు: సున్నా.'

"రోడ్డు తవ్వాలంటే ఫిర్యాదు ఓపెన్‌గా ఉండాలి. అది క్లోజ్ చేసింది నువ్వే. తెరవాలంటే ఇన్నాళ్ళూ తప్పుడు జవాబులిచ్చామని కమిషనర్ గారి ముందు ఒప్పుకోవాలి. నీ ప్రమోషన్ ఫైలు ఆవిడ టేబుల్ మీదే ఉంది. ఎందుకొచ్చిన తంటా? నిమ్మకు నీరెత్తినట్టు కూర్చో."

ఆ తర్వాత రెండు రోజులు చివరింటికి వెళ్ళలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఈలోగా ఆమె పన్నెండో కంప్లయింట్ వచ్చింది. గుమాస్తాగారు అలవాటు కొద్దీ పాత జవాబుకే నా సంతకం స్టాంపు కొట్టి పంపేశారు. నాకు తెలిసేసరికి శుక్రవారమైంది. శుక్రవారం ప్రజలతో కమిషనర్ గారి సమావేశం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు.

ఆమె మైకు దగ్గరికొచ్చింది. నా వైపు చూడనైనా చూడలేదు.

"ఈ ఇంజనీరు గారు ఏడు రోజులు మా ఇంట్లో కూర్చుని, గ్లాసు ఎంతసేపటికి నిండుతుందో కళ్ళారా చూశారు మేడమ్. ఆ తర్వాత పంపిన జవాబు ఇది. ప్రెషర్ నార్మల్." కాగితం పైకెత్తి చూపించింది. "మిగతా పదకొండు అబద్ధాలకీ కోపమొచ్చింది. దీనికి మాత్రం ఏడుపొచ్చింది."

హాలంతా నా వైపు తిరిగింది. పెద్దసారు కళ్ళతోనే కూర్చోమన్నారు. నేను లేచాను.

"మేడమ్, ఆవిడ చెప్పింది నిజం. పన్నెండు జవాబులూ తప్పే. చివరింటి ఫిర్యాదుకి మొదటింట్లో మీటర్ పెట్టి, చూడకుండా సంతకాలు చేశాను. మ్యాప్‌లో లేదు గానీ, ఐదో ఇంటి ముందు రోడ్డు కింద సగం మూసిన వాల్వుంది. తవ్వడానికి అనుమతివ్వండి. తప్పు నాది. శిక్ష వేస్తే అదీ నాకే వెయ్యండి."

"మ్యాప్‌లో లేదంటున్నారే," అన్నారు కమిషనర్ గారు. "తవ్వాక దొరక్కపోతే?"

"దొరుకుతుందమ్మా."

గొంతు ఆఖరి వరసలోంచి వచ్చింది. మా నాన్న! పొద్దున ఇంట్లో సమావేశం సంగతి విని, నాకు చెప్పకుండానే వచ్చారన్నమాట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మలుపు స్తంభం నుంచి నలభై రెండు అడుగులు. దాన్ని మూసింది నేనే."

కమిషనర్ గారు ఆ లెక్క రాసుకున్నారు. తర్వాత పెద్దసారు వైపు తిరిగారు. "రేపు పొద్దునే తవ్వండి, నేనూ వస్తాను. ఇకమీదట మీటర్ ఫిర్యాదు చేసినవాళ్ళ ఇంట్లోనే పెట్టాలి. వాళ్ళు సరేనంటేనే క్లోజ్ చెయ్యాలి. ఆ బోర్డు తీసెయ్యండి." నాతో అన్నారు. "సున్నా రాసేవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. తప్పు ఒప్పుకునేవాళ్ళు కావాలి. మీ ఫైలు సంగతి నేను చూసుకుంటాను."

మర్నాడు వీధి వీధంతా గుంట చుట్టూ చేరింది. నాన్న నలభై రెండు అడుగులు వేసి మడమతో గీత గీశారు. గీతకి జానెడు దూరంలో దొరికింది వాల్వు, తుప్పుపట్టి, మట్టి కొట్టుకుని. నేనో పక్క, నాన్నో పక్క పట్టుకుని తిప్పాం. మొరాయించింది. ఇంకోసారి తిప్పాం. కిర్రుమని కదిలింది.

చివరింట్లోంచి వాళ్ళమ్మగారి కేక వినిపించింది. "వచ్చాయే! వచ్చేశాయే!"

వీధంతా చప్పట్లు. రెండు మిషన్లూ ఒక్కసారే గిరగిరా తిరిగాయి. నాన్న కళ్ళు తుడుచుకుంటూ చెమట అన్నారు. నేను నమ్మినట్టు నటించాను. ఆ నెల ఆసుపత్రి దుప్పట్లు మూడు రోజులు ముందే వెళ్ళాయి.

వాల్వు తెరిచిన మర్నాడు ఆదివారం. ఆరింటికి మళ్ళీ వెళ్ళాను, నాన్నని వెంటబెట్టుకుని. పెద్దవాళ్ళిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. ఆమె గ్లాసు పెట్టి కుళాయి తిప్పింది.

బుస్సుమని మూడు సెకన్లలో నిండి పొంగిపోయింది.

నేను గ్లాసునీ ఆమెనీ చూసి నిలబడిపోయాను.

"ఏమైంది?"

"పదకొండు నిమిషాలకి సరిపడా మాటలు తెచ్చుకున్నానండీ. ఇప్పుడెలా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్లాసులో నీళ్ళు మిషన్ తొట్టిలో వంపి, మళ్ళీ కుళాయి కింద పెట్టి, తనే మెల్లగా తిప్పి తిప్పి ధారని దారంలా చేసింది.

"మొదలుపెట్టండి."

తీరా ఆమె ఎదురుగా కూర్చుంటే తెచ్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది. "మీరంటే నాకిష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె మొహం ఎర్రబడింది. అయినా టీచరు టీచరే. "మీ అర్జీ అందింది. ఏడు రోజుల్లో జవాబు పంపిస్తాం."

"ఏడు రోజులెందుకే!" ముందుగదిలోంచి వాళ్ళమ్మగారు. "మీ మావగారు ఇక్కడే ఉన్నారు, నేను సరేననేశాను!"

నాన్న గట్టిగా నవ్వడం వినిపించింది. ఆమె తల వంచుకుని చెయ్యి నా చేతిలో పెట్టింది. గ్లాసు ఇంకా సగం కూడా నిండలేదు.